పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ డిసర్టేషన్ ఎలా చేయాలి: సోమవారం అర్జీ నుంచి వైవా దాకా

ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చివరి సెమిస్టరులో డిసర్టేషన్ చేయవలసిన విద్యార్థి సాధారణంగా మొదట వెతికేది శీర్షిక కోసం. "తెలంగాణలో ఈ-గవర్నెన్స్: ఒక అధ్యయనం", "పంచాయతీరాజ్ వ్యవస్థ పనితీరు: సమస్యలు, పరిష్కారాలు" వంటి శీర్షికలు డిపార్ట్‌మెంటు బీరువాలో బైండు చేసిన ప్రతుల మీద వరుసగా కనిపిస్తాయి కనుక, అదే మూసలో ఇంకొకటి తయారుచేసి గైడ్ గారి ముందు పెట్టడం సులువు. మీరు అలా పెట్టకండి. శీర్షిక చివర్లో కుదురుతుంది. మొదట కావలసింది ఒక ప్రశ్న, అందులోనూ జవాబు మీకు ముందే తెలియని ప్రశ్న. ఎలా చేయాలో విడివిడి సూత్రాలుగా చెబితే గాలిలో మాటలవుతాయి కాబట్టి, ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు పట్టుకుని చెబుతాను.

ఆ ఉదాహరణ ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల స్వీకరణ. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొంతకాలం స్పందన అన్నారు, ఆ తర్వాత ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నారు. పేర్లు ఎన్ని మారినా పాత ఉద్యోగులు మాత్రం ఇప్పటికీ "గ్రీవెన్స్" అనే అంటారు.

ప్రశ్నను కుదించుకోవడం

"ప్రజావాణి పనితీరు" అన్నది ఒక పెద్ద పొలం లాంటిది. మీ చేతిలో ఉన్నది ఒక సెమిస్టరు, ఒక జత కాళ్లు, సొంత ఖర్చులు. కనుక ఆ పొలంలో ఒక మడిని ఎంచుకోవాలి. పాలనకు సంబంధించిన ఏ విషయాన్నైనా మూడు చోట్ల చూడవచ్చు: ఉత్తర్వులో ఏముంది, రిజిస్టరులో ఏం నమోదైంది, మనిషికి ఏం అందింది. ఈ మూడూ ఒకటే అయితే అక్కడ పరిశోధించడానికి పెద్దగా ఏమీ ఉండదు. సాధారణంగా అవి ఒకటి కావు, ఎక్కడ వేరుపడ్డాయో అక్కడే మీ ప్రశ్న ఉంటుంది. మన ఉదాహరణలో అది ఇలా తేలుతుంది: భూమి సర్వే, హద్దుల విషయమై సోమవారం ఇచ్చిన అర్జీ కంప్యూటరులో "పరిష్కృతం" అని నమోదైన నాటికి అర్జీదారు చేతికి నిజంగా ఏం వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు ఎటువైపైనా రావచ్చు, అదే దీని బలం. అధికారులు నిర్లక్ష్యంగా ఉన్నారని ముందే తీర్మానించుకుని బయలుదేరితే ఆ తీర్మానానికి సాక్ష్యాలు ఎలాగూ దొరుకుతాయి, కానీ దాన్ని పరిశోధన అనలేము. ఉదాహరణకు, ఇద్దరు అన్నదమ్ముల మధ్య భూమి హక్కు ఎవరిదన్న తగాదాలో "మీరు సివిల్ కోర్టును ఆశ్రయించవలెను" అని ఎండార్స్‌మెంట్ (అర్జీదారుకు ఆఫీసు ఇచ్చే రాతపూర్వక జవాబు) ఇచ్చి అర్జీని మూసివేస్తే, అర్జీదారుకు అది మొండిచేయి. రెవెన్యూ అధికారికి మాత్రం అది చట్టబద్ధమైన జవాబు కావచ్చు, ఎందుకంటే హక్కు తగాదాను తేల్చే అధికారం సివిల్ కోర్టుదే. ఈ రెండు దృష్టులనూ ఒకేచోట పట్టుకోగల ప్రశ్నను ఎంచుకుంటే సగం పని అయినట్టే.

ఆ తర్వాత లెక్క వేసుకోండి. పల్లెల్లో అర్జీదారుల ఇళ్లకు వెళ్లి మాట్లాడితే, ప్రయాణంతో కలిపి రోజుకు నలుగురికి మించి కుదరదు. పదిహేను రోజులకు అరవై మంది. ఒక్క విద్యార్థికి, ఒక్క జిల్లాలో రెండు మండలాలకు అది చాలిన సంఖ్య. మూడు జిల్లాల్లో మూడు వందల ప్రశ్నావళులు అని సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, గంభీరంగా రాసినవారిలో కొందరు చివరికి వాటిని హాస్టలు గదిలో కూర్చునే నింపుతారన్నది అందరికీ తెలిసిన రహస్యం. అలాంటి పట్టికల్లో అంకెలు అనుమానం కలిగించేంత చక్కగా కుదురుతాయి, అనుభవం ఉన్న పరీక్షకులు ఆ చక్కదనాన్ని చూసే పట్టేస్తారు.

సినాప్సిస్, గైడ్

సినాప్సిస్ నాలుగైదు పేజీలు మించనవసరం లేదు. ప్రశ్న, అది ఎందుకు అడగదగినదో ఒక పేరా, ఇంతకుముందు ఎవరెవరు ఏం తేల్చారో క్లుప్తంగా, సమాచారం ఎక్కడి నుంచి ఎలా తెస్తారో వివరంగా, చివర వారాల వారీ ప్రణాళిక ఉంటే సరిపోతుంది. పరికల్పన తప్పనిసరిగా ఉండాలని కొన్ని డిపార్ట్‌మెంట్లు పట్టుబడతాయి. అప్పుడు "హక్కు తగాదాల అర్జీల కంటే సర్వే అర్జీల్లో రిజిస్టరు మాటకు, అర్జీదారు మాటకు పొంతన ఎక్కువగా ఉంటుంది" వంటి, క్షేత్రంలో తప్పని తేలడానికి వీలున్న వాక్యం రాయండి. గైడ్ గారిని కలిసినప్పుడల్లా ఏం మాట్లాడుకున్నారో తేదీతో నాలుగు వరుసలు రాసి పెట్టుకుంటే, రెండు నెలల తర్వాత "నేను అలా చెప్పలేదే" అన్న మాట రాకుండా ఉంటుంది.

ఇంతకుముందు వారు చెప్పినది

పూర్వ పరిశోధనల సమీక్షను పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుకు ఆరంభంగా చెప్పే 1887 నాటి వుడ్రో విల్సన్ వ్యాసంతో మొదలుపెట్టే అలవాటు మన డిసర్టేషన్లలో చాలా పాతది. మీ ప్రశ్నకు విల్సన్‌తో పని లేకపోతే ఆయన్ని వదిలేయండి. మన ప్రశ్నకు దగ్గరగా వచ్చేవారు వేరు. కౌంటరు దగ్గర, ఊళ్లో, సెక్షన్ బల్ల దగ్గర పౌరుడికి నేరుగా ఎదురుపడే కింది స్థాయి ఉద్యోగి, పని ఒత్తిడిలో తనకు తాను ఏర్పరచుకునే పద్ధతులే ఆచరణలో ప్రభుత్వ విధానమవుతాయని అమెరికా రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ లిప్‌స్కీ 1980లో వాదించారు. ఒక అర్జీని సర్వేకు పంపాలా, ఎండార్స్‌మెంట్‌తో మూయాలా అని నిర్ణయించే చోట ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో మీరు పరీక్షించవచ్చు. అధ్యయనానికి సైద్ధాంతిక చట్రం కావాలంటే ఇది ఒక్కటే చాలు, పదిమంది పేర్లు పేర్చనవసరం లేదు.

మన దేశంలో ఈ చర్చకు పొడవైన చరిత్ర ఉంది. 1966లో ఏర్పడిన మొదటి పాలనా సంస్కరణల సంఘం ఇచ్చిన తొలి నివేదికే పౌరుల ఫిర్యాదుల పరిష్కారం గురించి. లోక్‌పాల్, లోకాయుక్తల సిఫారసు అందులోనిదే. 2005లో ఏర్పడిన రెండో సంఘం ఇచ్చిన పదిహేను నివేదికల్లో పన్నెండవది పౌర కేంద్రిత పాలన గురించి. ఈ రెండింటినీ మూలంలోనే చదవండి. గైడు పుస్తకాల్లోని సంగ్రహాలను నమ్ముకోవద్దు.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది, ఇంట్లో కూర్చునే చదవవచ్చు. న్యూఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ 1955 నుంచి నడుపుతున్న పత్రిక పాత సంచికలు తిరగేయదగినవి. హైదరాబాద్‌లో ఉన్నవారికి రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ గ్రంథాలయం, బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) గ్రంథాలయం అదనపు అదృష్టం. డిపార్ట్‌మెంటు నుంచి పరిచయ లేఖ తీసుకుని వెళ్లండి.

చదివినవాటిని "ఫలానా వారు ఇలా అన్నారు, మరొకరు ఇలా అన్నారు" అని పేరుకొక పేరా చొప్పున రాస్తే అది కేటలాగు అవుతుంది. ఎవరెవరు ఏ విషయంలో ఏకీభవించారు, ఎక్కడ విడిపోయారు, ఏ ప్రశ్నను ఎవరూ అడగలేదు అన్న వరుసలో రాస్తే మీ ప్రశ్నకు చోటు తనంతట తాను ఏర్పడుతుంది.

దస్త్రాలు తెచ్చుకోవడం

ఇక్కడే ఎక్కువ కాలం పోతుంది కాబట్టి దీన్ని మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోయినా, వచ్చిన జవాబు అసంపూర్తిగా ఉన్నా, 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి, దానిపై నిర్ణయానికి 30 నుంచి 45 రోజుల వరకు పట్టవచ్చు. అంటే అంతా చట్టప్రకారం నడిచినా మూడు నెలలు గడిచిపోతాయి. రెండో అప్పీలుకు సమాచార కమిషన్‌కు వెళ్లడానికి 90 రోజుల గడువు ఉంది గాని, ఆ దారి మీ సెమిస్టరులో ఇమడదు. రుసుము భారం కాదు: ఉమ్మడి రాష్ట్రం 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు.

ఏం అడగాలన్నదే అసలు విద్య. "అర్జీలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారాన్నే, అభిప్రాయాలను కాదు. "ఫలానా రెండు మండలాలకు సంబంధించి ఫలానా ఆరు నెలల్లో రెవెన్యూ శాఖకు పంపిన అర్జీల సంఖ్య, విషయం వారీగా, నెలవారీగా, వాటిలో పరిష్కృతం అని నమోదైనవి, ఎండార్స్‌మెంట్‌తో ముగిసినవి" అని అడగండి. అర్జీదారుల పేర్లు, ఫోను నంబర్లు అడగవద్దు. అవి వ్యక్తిగత సమాచారమన్న కారణంతో దరఖాస్తు తిరస్కారానికి మీరే దారి చూపినవారవుతారు. ఎందుకు కావాలో చెప్పవలసిన అవసరం చట్టరీత్యా లేకపోయినా, విద్యార్థినని దరఖాస్తులో ఒక్క ముక్క రాస్తే ఆఫీసులో వాతావరణం కొంత తేలికపడుతుంది. దరఖాస్తు వేయడానికి ముందు ఆ కార్యాలయం సెక్షన్ 4 కింద తనంతట తానే ప్రకటించవలసిన వివరాల్లో మీకు కావలసినవి ఉన్నాయేమో చూడండి.

జీవోల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. జీవో ఎంఎస్, జీవో ఆర్టీ ఒకటి కావు. విధానం సాధారణంగా మొదటిదాంట్లో ఉంటుంది, రెండోది రోజువారీ వ్యవహారాలకు సంబంధించినది. మెమోలు, సర్క్యులర్లు వేరు. సంఖ్య, తేదీ, శాఖ మూడూ రాసుకోకపోతే తర్వాత ఆ ఉత్తర్వును ఎవరూ, మీతో సహా, మళ్లీ కనుక్కోలేరు.

పాత ఫైళ్లు కావాలంటే అవి ఏ రకంగా మూయబడ్డాయో తెలుసుకోవాలి. జిల్లా కార్యాలయాల సంప్రదాయంలో ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచేది, డి.డిస్. పదేళ్లు ఉంచేది, ఎల్.డిస్. ఏడాది తర్వాత తీసివేయదగినది. మీకు కావలసిన అర్జీ ఎల్.డిస్.గా మూసినదైతే ఫైలు లేదన్న జవాబు నిజమే కావచ్చు, అందులో కుట్ర వెతకనవసరం లేదు.

ఇంకో గోతి కూడా ఉంది, తెలుగు విద్యార్థులకు ఇది ప్రత్యేకం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. "వరంగల్ జిల్లాలో అర్జీలు తగ్గాయి" అని గ్రాఫు గీసే ముందు, ఆ పేరుతో ఉన్న జిల్లా రెండు సంవత్సరాల్లోనూ ఒకే నేల అవునో కాదో చూసుకోండి. జిల్లా చిన్నదైతే అర్జీలు తగ్గక ఏమవుతాయి? కాలక్రమ పోలిక తప్పనిసరైతే మండలాన్ని ప్రమాణంగా తీసుకోండి, మండలాల హద్దులు కూడా కొన్నిచోట్ల మారాయని గుర్తుంచుకుని.

క్షేత్రంలో

డిపార్ట్‌మెంటు అధిపతి సంతకంతో కలెక్టరు గారికి లేఖ రాసి, ఇన్‌వార్డ్‌లో, అంటే వచ్చిన కాగితాలు నమోదుచేసే చోట, ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అనుమతి వచ్చాక వరుసగా మూడు సోమవారాలు వెళ్లండి. మొదటి సోమవారం ఏమీ అడగకండి, చూడండి. టోకెన్ ఎక్కడ ఇస్తున్నారు, ఎవరు ఎంతసేపు నిలబడుతున్నారు, అర్జీ చేతులు మారే ఆ ఒకటి రెండు నిమిషాల్లో ఏం జరుగుతోంది, ఇవన్నీ నోటుబుక్కులోకి రావాలి. గేటు బయట అర్జీలు రాసిపెట్టేవారితో తప్పక మాట్లాడండి. ఏ శాఖ పేరు రాస్తే కాగితం ఎటు వెళ్తుందో, ఏ మాట రాస్తే త్వరగా కదులుతుందో వారికి తెలిసినంతగా ఏ మాన్యువల్‌లోనూ దొరకదు. నా దృష్టిలో ఈ అధ్యయనంలో అందరికంటే విలువైన సమాచారదాతలు వీరే.

రెండో, మూడో సోమవారాల్లో వరుసలో ఉన్నవారిలో భూమి అర్జీలు తెచ్చినవారిని గుర్తించి, ప్రతి మూడో వ్యక్తినో నాలుగో వ్యక్తినో ఒకే నియమంతో పలకరించండి. మీకు నచ్చిన, మాట్లాడేలా కనిపించే వారినే ఎంచుకుంటే శాంపిల్ వంకరపోతుంది. సమ్మతి తీసుకుని అర్జీ సంఖ్య, ఊరు రాసుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత వారి ఇంటికి వెళ్లండి. సంఖ్య ఉంటే వారి ముందే అర్జీల పోర్టల్‌లో స్థితి చూడవచ్చు. రిజిస్టరు మాట, మనిషి మాట ఒకే పేజీలోకి వచ్చేది ఆ క్షణంలోనే.

మీ మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫారం చూసి చాలామంది మిమ్మల్ని ఆఫీసు మనిషి అనుకుంటారు. "అమ్మా, నేను చదువుకునే విద్యార్థిని, మీ పని నావల్ల కాదు, మీకు జరిగింది రాసుకోవడానికే వచ్చాను" అని మొదటే చెప్పండి. ఎంత జాలి వేసినా ఎవరి కాగితాన్నీ మీరు మోసుకెళ్లవద్దు. పేర్ల స్థానంలో సంకేత సంఖ్యలు వాడండి, పేర్లూ సంఖ్యలూ కలిపిన జాబితాను వేరే చోట దాచండి. ఆధార్ నంబరు మీకు దేనికీ అవసరం లేదు.

ప్రశ్నలు ఎలా ఉండాలి? "ప్రజావాణి పట్ల మీరు సంతృప్తి చెందారా? చాలా, కొంత, లేదు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఆ రోజు ఎండ ఎంత ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. జరిగినదాన్ని అడగండి. అర్జీ ఇచ్చాక మీ పొలానికి ఎవరైనా వచ్చారా? ఎన్ని రోజులకు? ముందుగా కబురు చేశారా? ఏ కాగితం ఇచ్చారు, అది ఉందా, చూడవచ్చా? ఇదే విషయం మీద అర్జీ ఇవ్వడం ఎన్నోసారి? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. అదే మనిషి అదే సమస్యతో మూడుసార్లు వస్తే రిజిస్టరులో మూడు అర్జీలు, మూడు పరిష్కారాలు కనిపించవచ్చు. ప్రశ్నావళిని ముందు ఐదుగురి మీద ప్రయోగించి, తడబడిన ప్రశ్నలను మార్చుకోండి. వారు వాడిన మాటలనే అదే యాసలో రాసుకోండి, ఆ రాత్రే శుభ్రప్రతి తీయండి, మర్నాటికి సగం చెరిగిపోతుంది.

ఉద్యోగుల వైపు కూడా వినండి. తహసీల్దారుతో పాటు డిప్యూటీ తహసీల్దారు, సెక్షన్‌లోని సీనియర్ అసిస్టెంట్, మండల సర్వేయరు ముఖ్యులు. ఒక సర్వేయరు మీద ఎన్ని గ్రామాల పని ఉందో తెలిశాక ఆలస్యం గురించి మీ వాక్యం మారుతుంది. సోమవారాలు, వీడియో కాన్ఫరెన్సు ఉన్న రోజులు వదిలి, సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి.

పట్టికలు

అరవై మందిలో ఇరవై ముగ్గురిని 38.33 శాతం అని రాయకండి, "60 మందిలో 23 మంది" అనడమే నిజాయితీ. మొత్తం అధ్యయనానికి కీలకం ఒక్క పట్టిక: ఒక పక్క రిజిస్టరు స్థితి, పరిష్కృతమా పెండింగా, ఇంకో పక్క అర్జీదారు చెప్పినది, పని జరిగిందా లేదా. నాలుగు గడులు వస్తాయి. "పరిష్కృతం, కానీ పని కాలేదు" అన్న గడి మీద అందరి కళ్లూ పడతాయి. "పెండింగ్, కానీ పని అయింది" అన్న గడిని చాలామంది వదిలేస్తారు. పని ఏ దారిన అయింది, ఊరి పెద్ద ద్వారానా, నేరుగా మండల కార్యాలయంలోనా అని తవ్వితే అధ్యయనంలోకెల్లా ఆసక్తికరమైన అధ్యాయం అక్కడ దొరకవచ్చు. రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో చూసే కై-స్క్వేర్ పరీక్ష చేస్తే, అంచనా పౌనఃపున్యాలు (సంబంధం లేకపోతే గడిలో ఉండవలసిన సంఖ్యలు) 5 కంటే తక్కువ ఉన్న గడుల గురించి జాగ్రత్తపడండి. ఎక్సెల్ చాలు.

రాయడం

క్షేత్ర ఫలితాల అధ్యాయం ముందు రాయండి, తర్వాత పద్ధతి, తర్వాత పూర్వ పరిశోధనలు, పరిచయం ఆఖరున. ఏ మాధ్యమంలో రాసినా ఎండార్స్‌మెంట్, ఇన్‌వార్డ్ వంటి ఆఫీసు మాటలను ఆఫీసులో పలికినట్టే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యంలో వివరించండి.

గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల లోపు సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అంకె గురించి భయపడి పదాలు అటూ ఇటూ మార్చే పనికి దిగవద్దు. చదివిన పుస్తకం మూసేసి, అర్థమైనది సొంత వాక్యాల్లో రాస్తే ఆ అంకె తనంతట తాను దిగుతుంది. ఏఐ సాధనాలు ఇచ్చే ఉల్లేఖనల్లో లేని పుస్తకాలు, లేని పేజీలు ఉండవచ్చు. మీరు కళ్లతో చూడని ఏ మూలాన్నీ జాబితాలో చేర్చకండి.

సూచనల అధ్యాయంలో "సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ప్రజల్లో అవగాహన పెంచాలి" అన్న వాక్యాలు ఏ డిసర్టేషన్‌లోనైనా అతుకుతాయి, అందుకే దేనికీ పనికిరావు. మీ పట్టిక నుంచి పుట్టిన సూచన ఇలా ఉండవచ్చు: పోర్టల్‌లో "పరిష్కృతం" అన్న ఒకే గడికి బదులు "పని జరిగింది", "మా పరిధి కాదు", "కోర్టుకు వెళ్లమని సూచించాం" అని మూడు గడులు పెట్టాలి. ఎవరు చేయాలో, ఏ ఉత్తర్వును సవరించాలో కూడా రాయండి.

వైవా, ఆ తర్వాత

వైవాలో ఎక్కువగా వచ్చే ప్రశ్నలు మూడు: ఈ మండలాలే ఎందుకు, అరవై మందే ఎందుకు, మీ ఫలితం మిగతా జిల్లాలకు వర్తిస్తుందా. మూడోదానికి "వర్తిస్తుంది" అని ధీమాగా చెప్పినవారే ఇరుక్కుంటారు. వర్తించదని, ఎందుకు వర్తించదో తెలుసునని, వర్తిస్తుందో లేదో ఇంకొకరు పరీక్షించడానికి వీలుగా పద్ధతిని వివరించానని చెప్పండి. నింపిన ప్రశ్నావళుల కట్టను వెంట తీసుకెళ్లండి, అడగకపోయినా బల్ల మీద పెట్టండి.

బైండింగ్ ప్రతులు డిపార్ట్‌మెంటుకు ఇచ్చాక, ఫలితాలను తెలుగులో రెండు పేజీలకు కుదించి, అర్జీదారులను గుర్తుపట్టే వివరాలేవీ లేకుండా చూసుకుని, మీకు అనుమతి ఇచ్చిన కలెక్టరేట్ సెక్షన్‌లో ఒక ప్రతి ఇవ్వండి. సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు ఆ బల్ల మీద దానికి చోటుండదు.